అమ్మ శ్రుతి, ఏ మైనర్ సెవెన్త్

సోమాజిగూడలో, రాజ్‌భవన్ రోడ్డు పక్క సందులో మా ఫ్లాట్. రాత్రి పదిదాటి హారన్లు కాస్త తగ్గాక గిటార్ తీస్తాను. ఆ నెలంతా ఒకటే పని: ఏ మైనర్ సెవెన్త్ కార్డ్, దాని ఇన్వర్షన్లు.

కాగితం మీద సులువే. ఏ, సి, ఇ, జి. నాలుగు స్వరాలు. ఏది అడుగున ఉంటే దాన్నిబట్టి నాలుగు రూపాలు. పియానో మీదైతే కింది స్వరాన్ని తీసి పైన పెట్టేస్తే సరి. గిటార్ మీద అంత పక్కపక్కగా పట్టాలంటే వేళ్లు సాగవు. అందుకని పైనుంచి రెండో స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించుతారు. డ్రాప్ టూ అంటారు. నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరసగా రెండు, రెండు, ఒకటి, మూడు ఫ్రెట్లు నొక్కితే ఇ అడుగున. అదే నాలుగు తీగల్నీ అయిదో ఫ్రెట్‌లో చూపుడువేలితో అడ్డంగా నొక్కేస్తే జి అడుగున. నా బద్ధకానికి ఇదే నచ్చింది.

అమ్మ అప్పుడు నా దగ్గరే ఉంది. నాన్న పోయి ఏడాది. పాతికేళ్లు సంగీతం పాఠాలు చెప్పిన మనిషి, ఆ ఏడాదిలో కూనిరాగం కూడా తీయలేదు. నేనూ అడగలేదు.

"ఏంట్రా, మోహనమా?" అంది వంటింట్లోంచి.

"కాదమ్మా, మైనర్ సెవెన్త్. కాస్త దిగులుగా ఉంటుంది."

"దిగులేం లేదే! షడ్జం ఎక్కడ పెట్టుకున్నావు?"

ఫోన్‌లో తంబురా యాప్ తీశాను. ఆరు శ్రుతి, అంటే ఏ, పెడితే నా కార్డ్ శుద్ధ ధన్యాసిలోని స, గ, ప, ని. ఒకటికి, అంటే సి కి మార్చాను. వేలు కదల్లేదు. అవే తీగలు స, గ, ప, ద అయి కూర్చున్నాయి. గిటార్ పుస్తకాలు దీన్నే సి సిక్స్త్ అంటాయి. రెండూ ఒకటే అన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో. మనవాళ్ల గ్రహభేదం ఇదేనని అప్పటిదాకా తట్టలేదు.

"మరి రిషభం ఏది?"

"ఈ కార్డ్‌లో ఉండదమ్మా."

చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఒకటి నాకు కుదరదు. నాలుగు పెట్టు."

ఒకప్పుడు ఆవిడది అయిదున్నర. ఏమీ అనకుండా యాప్‌లో నాలుగు నొక్కి, వేలు పదో ఫ్రెట్‌కి జరిపాను. ఇప్పుడది డి మైనర్ సెవెన్త్, లేదా ఎఫ్ సిక్స్త్. తీగలు మీటాను. అమ్మ స పట్టుకుని, రి దగ్గరికి వెళ్లేసరికి గొంతు జీరబోయింది. దగ్గి, మళ్లీ స నుంచి మొదలుపెట్టింది.