ఇనిషియలు వెనుక ఇంటిపేరు



ఈసారి పాఠ్యపుస్తకాల ప్రస్తావన కాక, మా ఇంటి సంగతి ఒకటి మనవి చేస్తాను. చివరకు అది మన బడి గడపకే చేరుతుంది గనుక ఓపికతో చదవగోరుతున్నాను.

మా అమ్మాయి హోసూరులో నా వద్దనే ఓనమాలు దిద్దింది. ఉద్యోగరీత్యా 2023 నవంబరులో జర్మనీలోని మ్యూనిక్ నగరానికి వెళ్లింది. అక్కడ నివాసం ఏర్పరచుకున్న నాటినుండి ఆరు నెలలు మాత్రమే మన దేశపు లైసెన్సుతో కారు నడపవచ్చును. ఆ తరువాత జర్మను లైసెన్సుగా మార్చుకోవలసిందే. కొన్ని దేశాలవారికి పరీక్ష లేకుండానే మార్పిడి జరుగుతుంది. భారతీయులకు ఆ వెసులుబాటు లేదు. శిక్షణ తరగతుల నిర్బంధం లేదుగాని రాతపరీక్ష, నడిపే పరీక్ష రెండూ తప్పవు. వీటికి తోడు కంటిపరీక్ష, ప్రథమచికిత్స శిక్షణ, లైసెన్సుకు జర్మను అనువాదం.

మొదటి చిక్కు అనువాదం దగ్గరే వచ్చింది. లైసెన్సులో ఆమె పేరుకు ముందు ఒక్క అక్షరం ఉన్నది. పాస్‌పోర్టులో నా పూర్తిపేరు ఉన్నది. "ఈ అక్షరం దేనికి గుర్తు?" అని అనువాదకురాలు అడిగినదట. తమిళనాట మన పిల్లల పేరుకు ముందు తండ్రిపేరులోని తొలి అక్షరం మాత్రమే నిలుస్తుంది, ఇంటిపేరు అటకెక్కుతుంది. బడి దాఖలా పుస్తకంలో ఆ ఒక్క అక్షరం రాసినవాడను నేనే! జనన ధృవపత్రం పంపిన పిదపగాని ఇద్దరూ ఒకరేనని తేలలేదు.

2024లో ఆమె రాసిన రాతపరీక్షలో ముప్పది ప్రశ్నలు. జర్మనుతోపాటు తుర్కీ, అరబ్బీ, రష్యన్ మొదలైన భాషలలోనూ రాయవచ్చును. మన దేశభాష ఒక్కటీ ఆ జాబితాలో లేదు. ఆమె ఇంగ్లీషులో రాసి నెగ్గింది.

నడిపే పరీక్షనాటికి, మే సెలవులలో, నేను అక్కడనే ఉన్నాను. మనకు ఎడమవైపు ప్రయాణం, వారికి కుడివైపు. గుర్తులు లేని కూడలిలో కుడివైపునుండి వచ్చేవారికి ముందు దారి ఇవ్వవలెను. ఇళ్ల మధ్యనున్న చిన్న వీథిలో కుడివైపునుండి ఒక సైకిలు వచ్చింది. ఆమె ఆగలేదు, పక్కనున్న శిక్షకుడు బ్రేకు తొక్కినాడు. పరీక్ష అక్కడితో ముగిసింది.

ఆ సాయంకాలం మౌనంగా కూర్చున్న బిడ్డ హఠాత్తుగా నన్నడిగింది: "నాయనా, ఒకటో తరగతిలో కుడి, ఎడమ ఎట్ల నేర్పిస్తివి?"

"అన్నం తినే చెయ్యి కుడి అని చెప్పితిని తల్లీ."

నవ్వింది. మరునాటినుండి ప్రతి కూడలి ముందూ "అన్నం చెయ్యి వైపు చూడు" అని తనకు తాను తెలుగులోనే చెప్పుకొని అభ్యాసం చేసింది. నేను తిరిగివచ్చి బడి తెరిచిన తరువాత, జూన్‌లో, రెండవ ప్రయత్నంలో నెగ్గినట్లు ఫోను చేసింది. "కొత్త కార్డు ఇచ్చి పాతది తీసుకొన్నారు నాయనా" అన్నప్పుడు మాత్రం ఆమె గొంతు కాస్త తడిసింది. పద్దెనిమిదేళ్లు నిండగానే హోసూరులో పొందిన కార్డు అది.

ఉపాధ్యాయ మిత్రులారా, తల్లిదండ్రులారా! ఆ దేశంలో ఒక లైసెన్సు పొందుటకు మరొకటి అప్పగించవలసి వచ్చింది. భాష విషయంలో అట్టి నిబంధన ఎక్కడా లేదు. 2006లో వచ్చిన చట్టంతో మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. పిల్లలు తమిళం చక్కగా నేర్వవలసిందే, ఇంగ్లీషూ నేర్వవలసిందే. అందుకు తెలుగును అప్పగించమని ఏ చట్టమూ అడుగలేదు. మనమే ముందుగా అప్పగించి వస్తున్నాము.

నా తప్పును నేను దిద్దుకొన్నాను. ఇప్పుడు మా ఒకటో తరగతిలో చేరే ప్రతి బిడ్డచేత సంవత్సరాంతానికి ఇంటిపేరుతో సహా పూర్తిపేరు తెలుగులో రాయిస్తున్నాను. దాఖలా పుస్తకంలో ఇనిషియలు పక్కన దాని పూర్తిరూపం రాయమని తల్లిదండ్రులను కోరుతున్నాను. మీరూ ఈ వేళ మీ బిడ్డను ఒక్కసారి అడిగి చూడండి: "మన ఇంటిపేరేమి?"