స్ట్రెస్ థాలియం: బొమ్మతో పాటు రోగినీ చూడాలి

యాంజియోగ్రామ్ గుండె రక్తనాళం ఎంత సన్నబడిందో చూపుతుంది. ఆ నాళం మీద ఆధారపడిన కండరానికి రక్తం చాలుతోందా లేదా అన్నది స్పెక్ట్ స్కాన్ చెబుతుంది. 60 శాతం బ్లాకు ఉన్నవారికి స్టెంటు వేయాలా, మందులు సరిపోతాయా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ రెండో సమాచారమే దారి చూపుతుంది.

జనం ఈ స్కాన్‌ను ఇప్పటికీ ‘స్ట్రెస్ థాలియం’ అనే పిలుస్తున్నా, చాలాచోట్ల ఇప్పుడు వాడుతున్నది టెక్నీషియం-99ఎం. థాలియం-201 అర్ధాయువు సుమారు 73 గంటలు, టెక్నీషియంది 6 గంటలే. అందువల్ల రేడియేషన్ తగ్గుతుంది, బొమ్మ మెరుగ్గా వస్తుంది. నరంలోకి ఎక్కించిన ఈ రేడియోధార్మిక మందు రక్తప్రవాహాన్ని బట్టి కండరంలో చేరుతుంది. గామా కెమెరా ఛాతీ చుట్టూ తిరుగుతూ తీసిన చిత్రాలను కంప్యూటర్ పొరలు పొరలుగా కూర్చుతుంది. శ్రమలో ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి చూస్తారు. శ్రమలో మాత్రమే మసకబారిన చోట రక్తం కొరవడుతోందని అర్థం. రెండింటిలోనూ మసకగా ఉంటే అక్కడ పాత గుండెపోటు మచ్చ ఉండవచ్చు.

ఉండవచ్చు అనడానికి కారణం ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష అనుమానంగా వచ్చిన ఒక మధ్యవయసు మహిళకు రెండు బొమ్మల్లోనూ గుండె ముందు గోడ మసకగానే కనిపించింది. అయితే ఈసీజీతో జతచేసి తీసిన చిత్రాల్లో ఆ గోడ చక్కగా ముడుచుకుంటోంది. మచ్చపడిన కండరం అలా ముడుచుకోదు. ఆ మసక రొమ్ము కణజాలం కిరణాలను అడ్డుకోవడం వల్ల వచ్చినదే. మగవారిలో డయాఫ్రమ్ వల్ల కింది గోడ దగ్గర ఇలాంటి భ్రమే కలుగుతుంది. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తే చాలాసార్లు తొలగిపోతుంది.

దీనికంటే ప్రమాదకరమైనది ఏ లోపమూ కనిపించని బొమ్మ. మధుమేహం ఉన్న ఒక రోగికి స్కాన్‌లో రక్తప్రసరణ అంతటా సమానంగానే కనిపించింది. కానీ నడుస్తుండగా బీపీ పడిపోయింది, శ్రమ తర్వాత ఎడమ జఠరిక ఉబ్బింది. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాలూ మూసుకుపోతున్నట్టు తేలింది. స్కాన్ ఒక భాగాన్ని మరో భాగంతో పోల్చి చెబుతుంది. అన్నిచోట్లా రక్తం సమానంగా తగ్గితే పోల్చడానికి మంచి భాగమే మిగలదు. అందుకే బొమ్మలోని రంగులు చూసి మాత్రమే రిపోర్టు రాయకూడదు.

ఇలాంటి హెచ్చరికలేవీ లేకుండా నార్మల్ వస్తే మాత్రం అది నిజంగా ధైర్యమిచ్చే ఫలితం. అలాంటివారిలో ఏడాదిలో గుండెపోటు గానీ గుండెజబ్బుతో మరణం గానీ సంభవించే అవకాశం సాధారణంగా ఒక శాతం లోపే. మధుమేహులకు ఆ భరోసా కొంత తక్కువ.

మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి అడినోసిన్ వంటి మందుతో నాళాలను విప్పార్చి పరీక్ష చేస్తారు. కాఫీ, టీలు ఆ మందు పనిని చెడగొడతాయి; కనీసం 12 గంటల ముందు నుంచి మానాలి. ఉబ్బసం ఉన్నా, గర్భం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందే డాక్టరుకు చెప్పండి. పాత ఈసీజీ, యాంజియోగ్రామ్ రిపోర్టులు వెంట తీసుకువెళ్లండి.