బంతి యెదుట నిలుచుట

ఏబదియేండ్లు దాటిన గిద్దలూరి స్త్రీ యొకతె గాల్ఫు బంతి యెదుట నిలుచుటను గూర్చి వ్రాయబూనుట చూచి పాఠకులు నవ్వవచ్చును. నవ్వుటకు వారికి హక్కు కలదు. మేమును మొదట నవ్వినవారమే. నల్లమల యంచున, సగిలేరు నిండుగా పారిన యేడు పండుగగా నెంచు ఊరిలో పుట్టి పెరిగిన మాకు, పచ్చికను తడుపుటకే అంత నీరు వెచ్చించు ఆట యొకటి లోకమున గలదని చాలకాలము తెలియదు. తెలిసిన పిదపను దానియందు గౌరవము కలుగలేదు. ఫ్లోరైడు నీటివలన నడుము వంగిన పెద్దలను కన్నులార చూచినవారికి, వెలిగొండ సొరంగములగుండ కృష్ణనీరు ఎప్పుడు వచ్చునాయని దశాబ్దములుగా నెదురుచూచిన పడమటి ప్రకాశమువారికి, అట్టి గౌరవము కలుగుట కష్టము. ఈ మాట ముందే చెప్పుకొంటిమి గనుక, ఇక నాటలోని యొక్క మంచిని మెచ్చుకొన్నచో తప్పుపట్టరని నమ్ముచున్నాము.

మా కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. రెండు సంక్రాంతుల క్రిందట వాని యింట నుండగా, ఒక ఆదివారము ప్రొద్దున "ఊరక కూర్చుండి మోకాళ్ళు రుద్దుకొనుట యెందులకు, నీవును రావమ్మా" అని నగరపు పొలిమేరలోని యొక అభ్యాసక్షేత్రమునకు తోడుకొని పోయెను. అచ్చట నేర్పువాడు మా చేతి కొక పొడుగైన కఱ్ఱ నిచ్చెను. దానికి డ్రైవరని పేరు. ఆటలోని కఱ్ఱ లన్నిటిలో నిదియే పొడుగు, దీని తలయే పెద్దది. ఆ తల 460 ఘనసెంటీమీటర్లకు మించరాదని నియమము. కొట్టవలసిన బంతి మాత్రము పెద్ద నిమ్మకాయంత: అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఆ బంతిని టీ యను చిన్న మేకు తలపై నిలిపి, కొట్టుటకు ముందు దాని యెదుట కుదురుగ నిలువవలెను. ఈ నిలుకడకు వారు అడ్రసని పేరు పెట్టిరి. మనకు అడ్రసనగా జాబుపై వ్రాయు చిరునామా. ఆలోచింపగా రెండిటికిని పెద్ద భేదము లేదు. చిరునామా తప్పిన జాబు ఎంత చక్కగ వ్రాసినను చేరవలసిన యింటికి చేరదు.

కొట్టుట కంటె నిలుచుటయే కష్టమని ఆ పూటనే తెలిసినది. పాదములు భుజముల వెడల్పునకు ఒకింత మించి యుండవలెను. తక్కిన కఱ్ఱలతో కొట్టునపుడు బంతి పాదములకు నడుమగా నుండవచ్చును గాని, డ్రైవరుతో కొట్టునపుడు ఎడమ మడమ కెదురుగా నుండవలెను. ఏలయనగా నేలపై బంతిని పైనుండి దిగుచు కొట్టుదురు. టీమీది బంతినన్ననో, కఱ్ఱ తల అడుగునకు వచ్చి మరల పైకి లేచుచుండగా తాకవలెను. అందులకే బంతిలో సగము కఱ్ఱతల పైయంచు కంటె ఎత్తుగ నుండునట్లు టీని గ్రుచ్చుదురు. ఇంతయు విని, చెప్పినట్లు నిలిచి, కొట్టితిమి. బంతి కదలలేదు. మరల కొట్టగా టీనుండి జారి ప్రక్కకు పడెను. ప్రక్క వరుసలోని పసివాడొకడు జాలిగా చూచెను. పదిమారులు నిట్లే జరిగినది. పదునొకండవమారు మేము, ఎఱుగకయే, బంతికి ఆవలిప్రక్కకు పోయి నిలిచితిమి; ఎడమచేయి క్రిందికిని కుడిచేయి పైకిని వచ్చినవి. నేర్పువాడు "అటు కాదు మేడమ్, మీరు తప్పువైపు నిలిచినారు" అనెను.

ఆతని తప్పేమియు లేదు. ఆతడిచ్చినది కుడిచేతివారి కఱ్ఱ. కాని 'తప్పువైపు' అను నా మాట చెవిని బడగానే మా మెడ యెఱ్ఱబారినది. చేతిలోని కఱ్ఱ జారినది. నలువది యెనిమిదేండ్ల వెనుకటి గిద్దలూరి వాకిలి కండ్లకు గట్టినది.

మేము పుట్టుకతో ఎడమచేతివాటము వారము. లోకములో పదిమందికి ఒకరు చొప్పున నిట్లు పుట్టుదురని ఇప్పుడు చదువుకొన్నవారందరు నెఱుగుదురు. 1970లలో మా యింట నెవ్వరు నెఱుగరు. మొట్టమొదట మా చేయి బయటపడినది బిళ్ళంగోడు ఆటలో. మూరెడు కఱ్ఱ గోడు, బెత్తెడు ముక్క బిళ్ళ. గుంటపై నడ్డముగా నుంచిన బిళ్ళకొనను గోటితో కాక గోడుతో తట్టినచో నది గాలిలోనికి లేచును. లేచినదానిని నేలబడకముందే కొట్టవలెను. ఎచ్చట నిలుచుట, బిళ్ళ కొన నెంత దూరమున తట్టుట యనునది ఆ యాటలోని రహస్యము. పట్టుకొనుటకు నిలిచిన పిల్ల లందరును కుడిచేతి దెబ్బకు అలవాటుపడి యొక వైపుననే గుమిగూడుదురు. మా బిళ్ళ రెండవవైపున, పట్టుకొనువారెవ్వరును లేని చోట పడెడిది. ఆడపిల్ల మగపిల్లలతో ఆడుట కైనను మా యమ్మ యంత కోపపడలేదు. ఎడమచేత కొట్టుట చూచినది. ఆనాడు మా వీపు పగిలినది.

అటుపిమ్మట పలక. మా ప్రాంతమువారికి పలక యనిన మార్కాపురమే. ఆ పలకలు ఎన్నో రాష్ట్రముల బడులకు పోయిన దినములవి. రాతిని పొరపొరగా చీల్చువారి పనితనమును, ఆ పనిలో పిల్లలు సైతము దుమ్ము పీల్చిన దుర్దశను గూర్చి వేఱుగ వ్రాయవలెను. ఇచ్చట మా పలక మాట మాత్రము. ఎడమచేత బలపము పట్టి వ్రాసినచో, ముందు వ్రాసిన అక్షరములమీదనే చేయి జరుగును. 'అ' వ్రాసి 'ఆ'కు వచ్చునప్పటికి 'అ' చెరిగిపోవును. ఈ పిల్లకు చదువు నిలువదని బంధువొకరు తేల్చిరి. ఎడమచేత వడ్డించు కోడలిని ఏ యత్త సహించునని మా యమ్మ యేడ్చినది. మఱునాడు పాతచీర అంచు చింపి మా యెడమచేతిని నడుమునకు కట్టినది. ఒక వేసవి యంతయు వ్రాయునపుడును, తినునపుడును ఆ కట్టు ఉండెను. అక్షరములు వచ్చినవి, వానితోబాటు మాట తడబడుటయు వచ్చినది. ఈ రెండవదానికి కారణమదియే యని మేము ప్రమాణము చేయజాలము. ఆ వేసవికి ముందు తడబాటు లేదనుట మాత్రము నిజము.

కుమారు డీ కథ వినియుండలేదు. ఇంటికి వచ్చుచు కారులో విని, చాలసేపు మాటలాడక, మఱువారము ఎడమచేతివారి డ్రైవరు నొకదానిని ఎరువు తెచ్చెను. ముందు నడుపు చేయి ఎడమదియే గనుక ఎడమచేతివారు కుడివారి కఱ్ఱతో ఆడినను చెల్లునను వాదమొకటి కలదు. దానికి తగిన ఉదాహరణముగా, తక్కిన పను లన్నిటను కుడిచేతివాడైన ఫిల్ మికెల్సన్, పసితనమున తండ్రి కెదురుగా నిలిచి, అద్దములో బింబమువలె చూచి నేర్చుటచేత ఎడమవైపున నాడువా డాయెను. ఎవ్వరును ఆతని చేయి కట్టలేదు, అదియే భేదము. ఎడమవైపున నాడి పెద్ద పోటీలలో మొదట గెలిచినవాడు న్యూజీలాండు బాబ్ చార్లెస్. 1963లో బ్రిటిషు ఓపెను నెగ్గెను.

ఎడమకఱ్ఱ పట్టగానే పాఠమంతయు తలక్రిందయినది. ఎడమ మడమ యన్నచోట కుడి మడమ. పుస్తకములన్నియు కుడివారికే వ్రాసినవి గనుక ప్రతివాక్యమును ముగ్గును అద్దములో చూచినట్లు చదువుకొనవలెను. కాని బంతి యెగిరినది. దూరము చెప్పుకొనదగినది కాదు, ఎగిరినది.

అయినను ఒక చిక్కు మిగిలెను. బంతి తఱచు కఱ్ఱతల మధ్యమున గాక మడమకు తగులుచుండెను. (కఱ్ఱకును మడమ, కాలివ్రేలికొన యను రెండంచులు కలవు, కామకు చేరువది మడమ.) మేము నిలుచునపుడు బంతిని సరిగా తల నడిమికే యెదురుగ నుంచుకొంటిమి గదా, ఇదేమి యన్యాయమంటిమి. నేర్పువాడు కఱ్ఱను నేలనానించి, బంతిని నడిమి కెదురుగ చూపి, పిదప చేతులు వంపక కఱ్ఱను బంతి యెత్తునకు లేపుమనెను. లేపితిమి. తల ముందుకు జరిగినది; బంతి మడమ కెదురుగ నున్నది! మా కండ్లు తెఱచుకొన్నవి. ఇది అట్లతద్దె ఉయ్యాల న్యాయము. ఉయ్యాల నిలిచియున్నపుడు కొమ్మ క్రిందనే యుండును. పైకి లేచినకొలది కొమ్మకు దూరముగ పోవును. భుజములనుండి వ్రేలాడు చేతులును కఱ్ఱయు నంతే. నేలమీది కఱ్ఱ టీయెత్తున కెగయునప్పటికి ఒంటికి దూరమగును. కాబట్టి నేలనానించి నిలుచునపుడు బంతి వ్రేలికొనవైపున నున్నట్లు కనబడవలెను. కంటికి తప్పుగ తోచినదే దెబ్బ వేళకు ఒప్పగును. లేదా, మొదటినుండియు కఱ్ఱను నేలనానింపక బంతి యెత్తుననే పట్టి నడిమికి సరిచూచుకొనవలెను. రెండును చెల్లును. ఇందును ఒకే శాస్త్రము లేదు: ఫజ్జీ జోయెల్లర్ బంతిని మడమవైపుననే నిలుపుకొనువాడు, ఆతడు 1979లో మాస్టర్స్ పోటీని గెలిచెను. నిలిచిన తీరునుబట్టి ఆతనిని తప్పుపట్టిన పండితులు, గెలుపును చూచి ఊరకుండిరి కాబోలు.

ఎడమచేతిపై మనకు పగ యేల కలిగినదో ఆలోచించితిమి. శౌచమున కొక చేతిని, భోజనమున కొక చేతిని వేఱుచేసినవారు, నీరు కొఱతయై సబ్బు లేని దినములలో బుద్ధిమంతులే. ఆ బుద్ధిని ఇప్పటికిని కొలతగా పెట్టుకొని పసిపిల్లల వ్రేళ్ళపై కొట్టుట బుద్ధి కాదు. సంస్కృతమున 'వామ' మనగా ఎడమ. చక్కనిదనియు అదే మాటకు అర్థము. శివుని శరీరమున దేవి కిచ్చినది ఎడమభాగమే. అటువంటి భాగమును పూజించుచు, అదే భాగపు చేతిని కట్టివేయు గృహములను మే మెఱుగుదుము, అందొకటి మాదే.

ఈ సంక్రాంతికి గిద్దలూరు పోతిమి. మా యన్న మనుమరాలికి నాలుగేండ్లు నిండినవి. పంక్తిలో అందరి నడుమ ఆ బిడ్డ యెడమచేత అరిసె నందుకొనగా వదిన వ్రేళ్ళమీద చఱచెను. బిడ్డ యేడ్వలేదు, అరిసెను విస్తరిలో పెట్టి చేయి వెనుకకు దాచుకొన్నది. ఆ దాచుకొనుట మాకు తెలిసినదే. "వదినా, దాని జోలికి పోవద్దు" అంటిమి. "రేపు అత్తగారింట నీవు వచ్చి వడ్డించెదవా?" అని వదిన యడిగెను. నలువదియేండ్లుగా మాతో నొక్కమాట తూలని మనిషి. భయముచేత ననుచున్నదని తెలిసియు మేమును కటువుగనే బదులిచ్చితిమి. మాట మధ్యలో మాకు తడబాటు వచ్చినది. పంక్తి నిశ్శబ్దమాయెను. గోడకానుకొని కూర్చున్న మా యమ్మ, ఎనుబదియారేండ్లది, అటు చూచి తల దించుకొన్నది.

మధ్యాహ్నము వసారాలో మేము కునుకు తీయుచుండగా గీతల చప్పుడు వినబడెను. బిడ్డ పాత పలక నొకదానిని సంపాదించి ఎడమచేత బలపము పట్టి వ్రాయుచున్నది. చేతి యంచు తెల్లనై, వ్రాసినదంతయు చెరుగుచున్నది. అమ్మ మెల్లగ జరిగి దాని ప్రక్కకు వచ్చెను. మేము లేవబోయి ఆగితిమి. ఆమె బలపము ముట్టలేదు. పలక పైయంచును కుడివైపునకు ఒకింత వాల్చి, బిడ్డ మోచేతిని వ్రాతవరుసకు క్రిందుగా జరిపి, "ఇప్పుడు వ్రాయవే" అన్నది. బిడ్డ 'అ' వ్రాసినది, 'ఆ' వ్రాసినది. రెండును నిలిచినవి. అమ్మ మా వైపు చూడక, "ఆ రోజులలో నా కిది తోచలేదే" అని, తన కొంగుతో బిడ్డ చేతి సుద్ద తుడువసాగెను.