వీణ దండి ఎందుకు వంగింది?

మా ఇంట్లోది బొబ్బిలి వీణ. పనసదుంగను తొలిచి ఒకే కొయ్యగా చేసినది. మా అత్తగారు విజయనగరంలో ముప్ఫై ఏళ్లు వాయించి, మా ఆవిడకు ఇచ్చారు. అన్నాళ్లూ నిటారుగా ఉన్న దండి, మినియాపోలిస్‌లో ఆరు చలికాలాలు గడిచేసరికి వంగింది. నడిమి మెట్ల దగ్గర తీగ ఎత్తుగా నిలిచి, నొక్కితే స్వరం పైకి పోతోంది. అమ్మాయికి పాఠాలు ఆగిపోయాయి.

“ఇక్కడి చలి అంతే” అన్నారు మిత్రులు. “తీగల లాగుడు” అంది మా ఆవిడ. తీగలు విజయనగరంలోనూ లాగాయి కదా!

1960లో ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక విచిత్రం ప్రకటించారు. బరువు మోస్తూ ఉండగానే కొయ్యలో తేమ మారితే, ఎప్పుడూ తడిగా ఉన్న కొయ్యకంటే, ఎప్పుడూ పొడిగా ఉన్న కొయ్యకంటే కూడా అది ఎక్కువ వంగుతుంది. తరువాతి ప్రయోగాలలో మళ్లీ మళ్లీ ఆర్చి తడిపిన సన్నని కొయ్యలు, మామూలుగా మోయగల బరువుకే విరిగిపోయాయి. నీటి అణువులు వచ్చిపోయేటప్పుడు కొయ్యలోని బంధాలు వీడి, బరువు లాగినవైపు జరిగి, అక్కడే మళ్లీ ముడిపడతాయని ఒక వివరణ.

మా హాల్లో తేమ జూలైలో 60 శాతం. హీటరు వేసిన జనవరిలో 18. ఏటా ఈ దిగడం, ఎక్కడం. తీగలు మాత్రం శ్రుతిలోనే.

వైద్యుణ్ణి గనుక నాకు వెన్నెముక గుర్తుకొచ్చింది. పగలంతా బరువు మోసి డిస్కులలో నీరు తగ్గి, సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు పొట్టి అవుతాడు. రాత్రి పడుకుంటే తిరిగి వస్తుంది. వీణకు ఆ పడక లేదు.

ఆ పడక ఇద్దామన్నాను. తీగలు సడలించిన వీణ ఇంట్లో ఉంచకూడదని మా ఆవిడ పట్టు. వాళ్లమ్మ మాట అది. వారం రోజులు వాదన నడిచింది (ఆపరేషనుకు ఒప్పించడం ఇంతకంటే సులువు). చివరకు రాజీ: పాఠం అయ్యాక బిరడాలు కొంత దించడం, నవంబరునుంచి హ్యూమిడిఫయరు పెట్టి తేమ 40 దగ్గర నిలపడం.

గిటార్లు బాగుచేసే ఒకాయన ఆవిరి పట్టి బిగిస్తే దండి నిటారవుతుందన్నాడు. తేమ ఇచ్చి బరువు తీస్తే వంపు కొంత తగ్గే మాట నిజమే. కాని మెట్లు నిలిచినది మైనంమీద. ఆవిరి తగిలితే ఇరవైనాలుగూ కదులుతాయి. వద్దన్నాము. ఉన్న వంపుకు తగ్గట్టు మెట్లు సర్దించాము. పాఠాలు మొదలయ్యాయి.

ఈ చలికాలం వంపు పెరగలేదు. మీ ఇళ్లలో వీణ, తంబురా ఉంటే పక్కన తేమ కొలిచే మీటరు ఒకటి ఉంచి, జనవరి అంకె, జూలై అంకె రాసి పెట్టండి. పోల్చుకుందాం.