కుదురు లేని బొంత

మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది. పుట్టబోయే బిడ్డ కింద మా అమ్మ చీరలతో కుట్టిన బొంత పరవాలని నా కోరిక. అమ్మ పోయి ఏడాదయింది. ఆమె కట్టిన మంగళగిరి చీరలు రెండూ, వెంకటగిరి చీర ఒకటీ నా దగ్గరున్నాయి.

కళాశాలలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ‘కంథ అంటే బొంత’ అని పిల్లలకు ఎన్నిసార్లు అర్థం చెప్పానో! చెప్పినంత తేలిక కాదు కుట్టడం.

చీరలు మడతలు వేసి మిషను కింద పెట్టాను. మొదటి జానెడు బ్రహ్మాండంగా వచ్చింది. అవతలి అంచుకు చేరేసరికి పైపొర నాలుగు వేళ్ల మేర మిగిలిపోయింది. మిషను పళ్లు అడుగుబట్టను లాక్కుపోతాయి. పైనున్న పాదం పైబట్టను అణిచి ఆపుతుంది. ఇక పొరలు కలిసి నడిచేదెట్లా? కుట్టు విప్పాను. పాత నూలు కదా, విప్పినచోటల్లా చిల్లులు. రెండోసారి జానెడుకొక పిన్నీసు గుచ్చాను. పిన్నీసుల నడుమ బట్ట ఉబ్బింది. మూడోసారి విప్పితే చీరే మిగలదు.

అమ్మ కుట్టిన బొంతలు ఎన్నడూ ఇలా జరగలేదు. ఆ కిటుకు అక్కకు తెలుసు. అమ్మ కుడుతుంటే ఎదురుగా కూచుని కొంగు పట్టింది అక్కే. నేను పుస్తకం పట్టుకుని అరుగుమీద ఉండేదాన్ని. కాని అక్కకూ నాకూ ఏడాదిగా మాటల్లేవు. కారణం చెప్పుకుంటే సిగ్గు. ఒక పట్టుచీర. అమ్మ అది ఎవరికిమ్మందన్నది తగువు. చీర నా బీరువాలోనే ఉంది.

రెండు రోజులు తటపటాయించి ఫోను చేశాను.

“అక్కా, అమ్మ చీరలతో బొంత కుడుతున్నాను. పొరలు జరిగిపోతున్నాయి.”

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, “గంజి పెట్టావా?” అంది.

పెట్టలేదు.

మర్నాడు తెనాలి బస్సు దిగి వచ్చింది. కాఫీ అయినా తాగకుండా చీరలు పలచని గంజిలో ముంచి ఆరేసింది. ఇస్త్రీ చేసి, పడుగు మీద పడుగు, పేక మీద పేక వచ్చేట్టు నేలమీద పరిచింది. ఏటవాలుగా పడ్డ బట్ట సాగుతుందట. రెండు మూలల రుబ్బురోలు పొత్రం, ఇత్తడి బిందె పెట్టింది. మూడో మూలకు నా నిఘంటువు. “ఇన్నాళ్లకు నీ చదువు ఇంట్లో పనికొచ్చింది” అంది. నాలుగో మూల నా చేతికిచ్చింది.

“లాగకు. బిగువుగా ఉంచు, చాలు. లాగితే వదలగానే ముడుచుకుపోతుంది.”

ఎర్రదారంతో నడిమినుంచి అంచులకు పొడుగాటి కచ్చాకుట్లు వేసింది, బెత్తెడుకొక వరస. అంచునుంచి మొదలెడితే మిగులు గుడ్డంతా నడిమికి చేరి ఉబ్బుతుంది. నడిమినుంచి వస్తే మిగులు అంచుకే పోతుంది, కత్తిరించుకోవచ్చు. అసలు కుట్టు చేత్తోనే. బొంతను కదపకూడదు, మనమే చుట్టూ జరగాలి. ఇద్దరం మోకాళ్లు పట్టుకుంటూ మూడు రోజులు జరిగాం.

ఆఖరి రోజు బీరువా తీసి పట్టుచీర ఆమె ముందు పెట్టాను. “పైన ఇది వేద్దామా?” అన్నాను.

అక్క చెంగు వేళ్లతో తడిమి చూసింది. “పట్టు జారుతుంది. జరీ పిల్లకు గుచ్చుకుంటుంది. లోపల పెట్టు” అంది.

తర్వాత కచ్చాకుట్ల ఎర్రదారం చెరోవైపు నుంచీ విప్పుతూ కూచున్నాం.