మాజిమైన్ కనుమ దారి

హజ్ ప్రకరణం బోధించేటప్పుడు ప్రతి సంవత్సరమూ ఒకచోట మా విద్యార్థులు తలలెత్తి చూస్తారు. దైవప్రవక్త (స) హిజ్రీ 10వ సంవత్సరంలో, వీడ్కోలు హజ్ సందర్భంగా, అరఫాత్‌కు ‘దబ్’ అనే దారిన వెళ్ళారనీ, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ‘మాజిమైన్’ అనే మరో దారిన ముజ్దలిఫా చేరారనీ చెప్పే చోటు అది. ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) ‘జాదుల్ మఆద్’లో ఈ సంగతి ప్రస్తావిస్తూ, పండుగ నమాజుకు ఒక దారిన వెళ్ళి మరో దారిన రావడం కూడా ఆయన (స) అలవాటేనని గుర్తుచేశారు. “మరి ఆ దారులు ఇప్పుడున్నాయా ఉస్తాద్?” అని పిల్లలు అడుగుతారు. ‘మాజిమ్’ అంటే రెండు కొండల నడుమనున్న ఇరుకు దారి అని చెప్పి, నల్లబల్లపై రెండు గీతలు గీసి, పాఠాన్ని ముందుకు నడిపేవాళ్ళము. ఆ దారిని మేమెన్నడూ చూసి ఉండలేదు.

అల్లాహ్ అనుగ్రహంతో కొన్నేళ్ళ క్రితం మాకూ, మా శ్రీమతికీ హజ్ భాగ్యం లభించింది. హైదరాబాద్ నుండి విమానమెక్కిన నాడే మనసులో ఒక కోరిక పాతుకుపోయింది: అరఫాత్ నుండి మినా దాకా కాలినడకన రావాలి. అరఫాత్ నుండి ముజ్దలిఫాకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు, అక్కడి నుండి మినాకు మరో ఐదారు. లెక్కకు పెద్ద దూరం కాదు. పూర్వం మన దక్కను వాసులు నెలల తరబడి సముద్రం మీద, ఒంటెల మీద చేసిన ప్రయాణాల ముందు ఇది ఏపాటి! సూరహ్ హజ్ 27వ వాక్యంలో కాలినడకన వచ్చేవారి ప్రస్తావన సవారీలపై వచ్చేవారి కంటే ముందుంది కదా అని మాకు మేమే ఆధారం చూపుకున్నాము. నిజం చెప్పాలంటే, తిరిగి వచ్చాక తరగతిలో ‘మేము ఆ దారిన నడిచాము’ అని చెప్పుకోవాలన్న ముచ్చట కూడా అందులో కొంత కలిసి ఉండింది. ఎంతన్నది అల్లాహ్‌కే ఎరుక.

వెళ్ళే దారి మా చేతిలో లేదు. జిల్హిజ్జా ఎనిమిదో తేదీ రాత్రే బస్సులు మమ్మల్ని మినా నుండి అరఫాత్‌కు చేర్చాయి. తొమ్మిదో నాడు మధ్యాహ్నం నుండి సూర్యాస్తమయం దాకా జరిగినదాన్ని ఇక్కడ వర్ణించబోము. ఆ గడియలు ఎవరివి వారివే.

సూర్యుడు అస్తమించాడు. అప్పుడు మొదలైంది దారుల ప్రశ్న. 2010 నుండి అక్కడ రైలు నడుస్తున్నది గాని, మా బృందానికి కేటాయించినది బస్సు. ఆ బస్సు ఎప్పుడు వస్తుందో, వచ్చాక ఎప్పుడు కదులుతుందో చెప్పగలవారు లేరు. రెండవది పాదచారుల దారి: దీపాలు, అక్కడక్కడా కూర్చునే బల్లలు, నీటి తుంపరలు చల్లే స్తంభాలు ఉన్న దారి. జనం మాత్రం నది ప్రవహించినట్లే. మూడవది, వాహనాల రోడ్డు అంచున నడవడం. అటు జనం పలుచగా కనిపించారు.

మా గుడారంలో గుంటూరు జిల్లాకు చెందిన పెద్దాయన ఒకరుండేవారు. డెబ్బై దాటిన వయసు, మోకాళ్ళ నొప్పులు. అందరమూ ఆయనను చాచా అనే పిలిచేవాళ్ళము. ఆయన మా చెయ్యి పట్టుకుని, “మౌల్వీసాబ్, మినా దాకా నడుస్తానని మా ఆవిడ బతికి ఉన్నప్పుడే మనసులో అనుకున్నాను. ఇది మొక్కు కిందికి వస్తుందా?” అని అడిగారు. నోటితో పలికారా అని అడిగాము. లేదన్నారు. మనసులో అనుకున్నంత మాత్రాన నజర్ కాదని, బస్సెక్కినా ఆయనపై ఏ భారమూ ఉండదని చెప్పాము. మసలా అక్కడితో ముగిసింది. కాని ఆయన ముఖం చిన్నబోవడం చూసి, “మీరు నడవగలనంటే మేమంతా తోడుంటాము” అని కూడా మేమే అన్నాము. ఆ రెండో మాట ఏ గ్రంథం చూసి అన్నదీ కాదు.

వరంగల్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు, చాచా, మేమిద్దరము, మొత్తం ఐదుగురము బయలుదేరాము. తొమ్మిదో నాటి చంద్రుడు అప్పటికే తలపైకి వచ్చి ఉన్నాడు. కిలోమీటరు పైన నడిచాక కొండలు రెండు వైపుల నుండి దగ్గరకు జరిగినట్లు కనిపించాయి. మా గుండె వేగంగా కొట్టుకున్నది. పాదచారుల దారి కుడికి ఒరిగింది. ఎడమవైపు వాహనాల రోడ్డు నేరుగా కొండల నడుమకు పోతున్నది. “మాజిమైన్ ఇదే అయి ఉంటుంది. ప్రవక్త (స) వచ్చిన దారి ఇటే” అని మేము ఎడమకు తిరిగాము. మా శ్రీమతి ఒక్కమాట అడిగారు: “అటు కూర్చోవడానికి చోటుంటుందా అండీ?” మేము జవాబు చెప్పలేదు.

బల్లలు లేవు. నీళ్ళు లేవు. ఒకదాని వెనుక ఒకటి ఇంజన్లు ఆపకుండా నిలిచిపోయిన బస్సుల వరుస, వాటి పొగ, వేడి. పాదచారుల దారికి తిరిగి వెళదామంటే నడుమ ఇనుప కంచె. అరగంట తిరక్కుండానే చాచా నడక నెమ్మదించింది. మరికొంత దూరానికి ఆయన తన రెండు చేతులూ ఆ అన్నదమ్ముల భుజాలపై వేశారు. కాళ్ళు ఈడుస్తున్నారు, పెదవులపై తల్బియా మాత్రం ఆగలేదు.

వెనుక నడుస్తున్న మేము ఆ దృశ్యం చూసి నిలబడిపోయాము. ఒక వృద్ధుడు తన ఇద్దరు కుమారుల భుజాల ఆసరాతో నడుస్తుండగా దైవప్రవక్త (స) చూశారు. కారణమడిగితే, నడిచి వెళతానని మొక్కుకున్నాడని చెప్పారు. ఆ మనిషి తనను తాను ఇలా హింసించుకోవడం అల్లాహ్‌కు అక్కరలేదని తెలిపి, వాహనమెక్కమని ఆయనను ఆదేశించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) సోదరి విషయంలోనూ, కొంత నడవాలి, కొంత సవారీ చేయాలి అన్నదే తీర్పు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ రెండు హదీసులనూ బోధిస్తున్నాము. ఇప్పుడు మొదటిది మా కళ్ళెదుటే జరుగుతున్నది. పైగా ఆ వృద్ధుణ్ణి ఆ దారిలోకి తెచ్చినవాళ్ళము మేమే. ఆ హదీసులో మొక్కన్నా ఉంది. ఇక్కడ అదీ లేదు.

అసలు దైవప్రవక్త (స) ఆ సాయంత్రం నడవలేదు. ఖస్వా అనే ఒంటెపై వచ్చారు. వెనుక హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) కూర్చుని ఉన్నారు. జనాన్ని తొందరపడవద్దని చేత్తో సైగ చేస్తూ, ఒంటె పగ్గం బిగించి పట్టుకుని, నింపాదిగా వచ్చారు. నడుమ ఒక కొండదారి దగ్గర దిగి వుజూ చేసుకున్నప్పుడు ఉసామా నమాజు సంగతి అడిగితే, నమాజు ముందుందని చెప్పి సాగిపోయారు. ఆ నింపాదితనాన్ని వదిలేసి, ఆయన దారి పేరు ఒక్కటి మేము పట్టుకున్నాము.

చాచాను రోడ్డు అంచున కూర్చోబెట్టాము. మా శ్రీమతి తన సంచిలోని నీళ్ళ సీసా తీసి ఆయన చేతికిచ్చారు. మాతో ఏమీ అనలేదు. కాసేపటికి సేవకు వచ్చిన ఒక యువకుడు మా తెలుగు మాటలు విని ఆగాడు. కడప జిల్లా వాడు, జిద్దాలో ఉద్యోగమట. కంచెకు ఎక్కడ ద్వారముందో అతనికి తెలుసు. ఒక చక్రాల కుర్చీ కూడా సంపాదించి తెచ్చాడు. చాచాను కూర్చోబెట్టుకుని ద్వారం గుండా పాదచారుల దారిలోకి వచ్చాక, మాజిమైన్ ఏదని అతణ్ణి అడిగాము. “ఆ పేరు వినలేదు హజ్రత్. మాకు ఇవన్నీ నంబర్ల రోడ్లే” అన్నాడు. వరంగల్ అన్నదమ్ముల్లో చిన్నవాడు నవ్వాడు. చాచా కూడా నవ్వారు. ఆ నవ్వు చూశాకనే మాకు ఊపిరి తిరిగింది.

ముజ్దలిఫా సరిహద్దు బోర్డు దాటేసరికి రాత్రి పదకొండు కావస్తున్నది. బోర్డుకు ఇవతలే చాపలు పరచుకుని నిద్రపోతున్నవారు ఎందరో. హజ్‌కు వెళ్ళేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి: జనం కూర్చున్నంత మాత్రాన అది ముజ్దలిఫా కాదు, బోర్డు చూసి అవతలికి వెళ్ళాలి. ఒక అజాన్, ఒక ఇఖామత్‌తో మగ్రిబ్, ఇషా కలిపి చేసుకున్నాము. అన్నదమ్ములు చాచా వంతు గులకరాళ్ళు కూడా ఏరి పెట్టారు. బలహీనులు రాత్రే మినాకు వెళ్ళిపోయే వెసులుబాటు ఉందనీ, విశ్వాసుల మాత హజ్రత్ సౌదా (రజి)కు ఆ అనుమతి లభించిందనీ చాచాకు చెప్పాము. ఫజ్ర్ దాకా ఉంటానన్నారు. ఈసారి మేమేమీ కలపలేదు.

తెల్లవారాక అన్నదమ్ములు నడకకు సిద్ధమయ్యారు. “రండి హజ్రత్, ఇంకెంత, ఐదారు కిలోమీటర్లే” అన్నారు. మా కాళ్ళలో శక్తి ఉంది, మనసులో కోరికా ఉంది. చాచా, మా శ్రీమతి బస్సు వరుసలో నిలబడి ఉన్నారు. వెళ్ళి వారి వెనుక నిలబడ్డాము. ముహస్సిర్ లోయను బస్సు కిటికీలో నుండే చూశాము. దైవప్రవక్త (స) ఆ లోయలో తమ ఒంటెను కాస్త వేగంగా నడిపించారు. మా బస్సు సరిగ్గా అక్కడే అరగంట ఆగిపోయింది.

ఇప్పుడు హజ్ ప్రకరణంలో ఆ చోటికి వచ్చినప్పుడు నల్లబల్లపై రెండు గీతలు గీస్తాము, పక్కన కంచె కూడా గీస్తాము. పిల్లలు అడిగితే జరిగినదంతా చెబుతాము.

మరుసటి రంజాన్ పండుగ నాడు చాచా ఫోన్ చేశారు. ఈద్గాహ్‌కు ఊరి చెరువు గట్టు మీదుగా నడిచే వెళ్ళారట. “వచ్చేటప్పుడు దారి మార్చాను మౌల్వీసాబ్. మనవడి బండెక్కి బజారు వీధిలో నుంచి వచ్చాను” అన్నారు.