తప్పు నేర్పే పాఠం

కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో ఒక విద్యార్థిని ఒంటరిగా కూర్చొని ఉంది. ఆమె పైథాన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి వారం రోజులే అయింది. రెండు సబ్జెక్టుల మార్కులను అడిగి, వాటిని కూడి చూపే చిన్న ప్రోగ్రాం రాసి, ఎంతో ఆశతో నడిపించింది. మొత్తానికి బదులుగా తెరపై దోషసూచన ప్రత్యక్షమైంది. దానిని చదవకుండానే ఆత్రంగా నాలుగుచోట్ల మార్పులు చేసింది. ఉన్న దోషం పోకపోగా కొత్తది వచ్చి చేరింది. ఈ విద్య తనకు అబ్బదేమోనన్న దిగులు ఆమెను ఆవరించింది. ఎందరో విద్యార్థులు ఈ మొదటి మెట్టు మీదనే ఆగిపోతారు.

నిజానికి ఈ అనుభవం కొత్తవారికి మాత్రమే పరిమితమైనది కాదు. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటరు పనిచేయడం ప్రారంభించింది. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన శాస్త్రవేత్త మారిస్ విల్క్స్. తన శేషజీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకడానికే సరిపోతుందని ఆ రోజులలోనే గ్రహించినట్లు ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ విద్యకు ఆద్యులైన వారికే తప్పులు తప్పలేదు.

కొంతసేపటికి ఆ విద్యార్థిని మనసు కుదుటపరచుకొంది. తాను చేసిన మార్పులన్నీ తీసివేసి, దోషసూచనను మొదటి నుంచి చదివింది. అందులో పంక్తి సంఖ్య ఉంది. దోషం ఎలాంటిదో తెలిపే మాట ఉంది. అది నింద కాదు, ఆచూకీ. ఒక్కొక్కసారి దోషం యంత్రం చూపిన పంక్తిలో కాక, దానికి పై పంక్తిలో ఉంటుంది. అక్కడ ఆమె మూయడం మరచిన కుండలీకరణం కనిపించింది. దానిని మాత్రమే సరిదిద్ది మళ్లీ నడిపించింది.

ఈసారి యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆమె 40, 50 అని మార్కులు ఇచ్చింది. తెరపై 4050 అని వచ్చింది! మీటల ద్వారా అందినదానిని పైథాన్ సంఖ్యగా కాక అక్షరాల వరుసగా స్వీకరిస్తుంది; రెండు వరుసలను కూడమంటే పక్కపక్కన అతికిస్తుంది. సమాధానం ముందే తెలిసిన లెక్క కనుక ఆమె పొరపాటును పసిగట్టగలిగింది.

యంత్రం ఎత్తిచూపే తప్పు కన్న, మౌనంగా సాగనిచ్చే తప్పు ప్రమాదకరం. అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారక గ్రహాన్ని చేరే వేళ నశించిపోయింది. ఒక ప్రోగ్రాం బ్రిటిష్ కొలమానంలో ఇచ్చిన విలువలను మరొకటి మెట్రిక్ కొలమానంలోనివిగా స్వీకరించడమే అందుకు మూలకారణం.

ఆమె ఆ రెండు విలువలనూ పూర్ణాంకాలుగా మార్చే ఆదేశాన్ని చేర్చింది. తెరపై 90 కనిపించింది. ఆమె లేచి వెళ్లలేదు. సమాధానం తనకు తెలిసిన మరో రెండు సంఖ్యలు ఇచ్చి, మళ్లీ పరీక్షించింది.